హ్యాండవుట్ ఎప్పుడివ్వాలి, అందులో ఏం వదిలేయాలి? తరగతిలో నోట్సు వాడకంపై చర్చ

#1 కొత్తబడి

అందరికీ నమస్కారం. 45 నిమిషాల పీరియడ్, గదిలో 40 మంది, 8 నుంచి 10వ తరగతి వరకు. పాఠానికో హ్యాండవుట్ (పిల్లలకు పంచే అచ్చు కాగితం) చొప్పున తయారు చేయాలని ప్రయత్నం. రెండు చిక్కులున్నాయి. మొదట్లోనే కాగితం చేతికిస్తే "అంతా ఇందులో ఉందిగా" అని పిల్లలు వినడం మానేస్తారు. ఇవ్వకపోతే బోర్డు మీదున్నది ఎక్కించుకోవడంతోనే పీరియడ్ అయిపోతుంది, తలెత్తి చూడరు. ఎప్పుడివ్వాలి, ఎంత ఇవ్వాలి, ఏ పాఠానికి ఏ రకం? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

#2 నల్లబల్ల

కొత్తబడి గారూ, మీ రెండు చిక్కులకూ మూలం ఒక్కటే. పీరియడ్ జరుగుతున్నంతసేపూ పిల్లల పెన్ను ఏం చేస్తోందో చూడండి. నిండుగా అచ్చేసిన కాగితం ఇస్తే పెన్నుకు పనిలేదు, దాంతో తలకీ పనిలేదు. ఏమీ ఇవ్వకపోతే పెన్నుకు మోయలేనంత పని, తలకు తీరికలేదు.

నోట్సు వల్ల లాభం రెండు రకాలు. రాస్తున్నప్పుడు బుర్రలో జరిగే పని ఒకటి, తర్వాత తీసి చూసుకోవడానికి ఆధారం రెండోది. 1972లో డి వెస్టా, గ్రే అనే పరిశోధకులు ఈ తేడాను విడదీసి చూపించారు. అచ్చు కాగితం రెండోదాన్ని మాత్రమే ఇస్తుంది. బోర్డు చూసి ఎక్కించుకోవడం పేరుకు రాతే గానీ, అక్షరాలు కంట్లోంచి చేతిలోకి జారిపోతాయి, అర్థం దగ్గర ఆగవు.

అందుకని కాగితం తయారు చేసేటప్పుడు ప్రతి వాక్యం దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది రాస్తే పిల్లవాడు ఆలోచిస్తాడా, ఎక్కించుకుంటాడా? ఎక్కించుకునేదంతా అచ్చేయండి. పటాలు, పట్టికల గళ్లు, లెక్కలోని ప్రశ్న, దత్తాంశాలు, పొడవాటి నిర్వచనాలు, తేదీలు ఈ జాబితాలోకి వస్తాయి. ఆలోచించాల్సినవి ఖాళీగా వదలండి. కీలకపదం, "ఎందుకంటే" తర్వాత వచ్చే మాట, లెక్కలో మలుపు తిరిగే మెట్టు, సొంత ఉదాహరణ ఈ రెండో జాబితా.

ఇంకొకటి. అచ్చులో ఉన్న పేరాను మీరు పైకి చదువుతుంటే పిల్లలు మనసులో అదే చదువుతుంటారు. ఇద్దరి వేగాలూ కలవవు, రెండూ ఒకదాన్నొకటి చెడగొడతాయి. పేరా చదివించాలంటే "2 నిమిషాలు చదవండి" అని చెప్పి మీరు మౌనంగా ఉండండి. తర్వాత మాట్లాడండి.

#3 పత్రహరితం

నల్లబల్ల గారు చెప్పిన "ఖాళీ" అనే మాట దగ్గరే ఎక్కువ హ్యాండవుట్లు పాడవుతాయి. ఏదో ఒక పదం తీసేసి గీత పెడితే అది ఖాళీ అయిపోదు. జీవశాస్త్రంలోంచి చూపిస్తాను.

"కిరణజన్య సంయోగక్రియ ________లో జరుగుతుంది." ఇక్కడ మొక్కలు, ఆకులు, పగటివేళ, హరితరేణువు... ఏది రాసినా వాక్యం నిలబడుతుంది. పిల్లవాడు "ఆకుల" అని రాసి ముందుకు వెళ్లిపోతాడు, మీరు అనుకున్నది హరితరేణువు. దీన్ని ఇలా తిప్పండి: "ఆకు కణంలో కిరణజన్య సంయోగక్రియ జరిగే కణాంగం ________." ఒక్కటే జవాబు. ఖాళీ వాక్యం చివర ఉంది కాబట్టి అక్కడికి చేరేసరికి అడుగుతున్నదేమిటో తెలిసిపోతుంది. వాక్యం మొదట్లో ఖాళీ పెడితే చివరిదాకా చదివి మళ్లీ వెనక్కి రావాలి, ఆలోగా మీరు తర్వాతి విషయంలోకి వెళ్లిపోయి ఉంటారు.

అంతకన్నా విలువైనది కారణం రాయించే ఖాళీ. ఆకులో పిండిపదార్థాన్ని పరీక్షించే ప్రయోగం తీసుకోండి. నాలుగు నిలువు వరుసల పట్టిక వేయండి: ఏం చేశాం, ఏం కనిపించింది, ఎందుకు చేశాం, నా సందేహం. మొదటి వరుస మొత్తం అచ్చులో ఉండాలి: ఆకును నీటిలో మరిగించడం, నీటి తొట్టెపై ఆల్కహాల్‌లో ఉడికించడం, వేడినీటిలో కడగడం, అయోడిన్ చుక్కలు వేయడం. మిగతా మూడూ ఖాళీ. "ఏం కనిపించింది" ప్రయోగం జరుగుతుండగా నింపాలి. "ఎందుకు" మాత్రం అప్పుడే నింపనివ్వకండి. ఆల్కహాల్ ఎందుకంటే పత్రహరితం కరిగిపోయి ఆకు పాలిపోవాలి, లేకపోతే పిండిపదార్థం దగ్గర అయోడిన్‌తో వచ్చే నీలినలుపు ఆకుపచ్చ రంగులో కనబడదు. నీటి తొట్టె ఎందుకంటే ఆల్కహాల్‌ను నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. ఈ రెండు కారణాలూ పిల్లల నోటి నుంచి వచ్చాకే కాగితం మీదకి రావాలి.

పటాల విషయం. భాగాలకు 1, 2, 3 అని అంకెలు వేసి కింద పేర్ల జాబితా ఇవ్వడం చాలామందికి అలవాటు. కళ్లు పటానికీ జాబితాకీ మధ్య తిరగడంలోనే అలసిపోతాయి. పటాన్నీ వివరణనూ విడగొడితే నేర్చుకోవడం కష్టమవుతుందని చాండ్లర్, స్వెల్లర్ 1990ల మొదట్లోనే చూపించారు. పేరు పక్కనే ఉండాలి. పేర్లు పిల్లలే రాయాలంటే భాగం దగ్గర్నుంచి గీత లాగి, గీత చివరే 4 సెం.మీ. చోటు వదలండి.

#4 కొత్తబడి

చాలా ఉపయోగంగా ఉందండీ. ఒక పీరియడ్‌కి ఎన్ని ఖాళీలు పెట్టొచ్చు? 25 దాకా పెడితే "సార్, 14వ ఖాళీ ఏమిటి?" అనడం తప్ప పాఠం మీద ధ్యాస ఉండడం లేదు.

#5 పత్రహరితం

25 చాలా ఎక్కువండీ. ఒక పక్కకు, అంటే ఒక పీరియడ్‌కు, పదం నింపే ఖాళీలు 8 నుంచి 10, కారణం రాసేవి 2 లేదా 3. అంతకు మించితే మీరన్న ఖాళీల వేటే జరుగుతుంది. చెవి పాఠం వినదు, పదం కోసం కాచుకుని ఉంటుంది.

వేటను ఆపడానికి ఇంకో మార్గం, రాసే సమయాన్ని వినే సమయం నుంచి విడదీయడం. 12 నిమిషాలు పాఠం, ఆ సేపు పెన్నులు బల్ల మీద. తర్వాత 2 నిమిషాలు ఆగండి, గుర్తున్నంతవరకు ఖాళీలు నింపి పక్కవారితో సరిచూసుకోమనండి. పీరియడ్‌లో ఇలా మూడుసార్లు. ఉపన్యాసం మధ్యలో మూడుసార్లు 2 నిమిషాల చొప్పున ఆగి, జంటల్లో నోట్సు సరిచూసుకోనిస్తే గుర్తుండటం మెరుగవుతుందని రూల్, హ్యూస్, ష్లాస్ 1987లో చూపించారు. 6 నిమిషాలు పోయాయని బాధపడక్కర్లేదు, ఎక్కించుకోవడంలో పోయేది అంతకంటే ఎక్కువే.

ఖాళీలకు వరుస సంఖ్యలు వేయండి, కానీ ఆ సంఖ్యలు పట్టుకుని పాఠం చెప్పకండి. అవి సరిచూసుకోవడానికి మాత్రమే.

#6 హారం_లవం

లెక్కల కాగితానికి పై పద్ధతి నేరుగా సరిపోదు. లెక్కల్లో తీసేయాల్సింది పదాన్ని కాదు, మెట్టును. పూర్తిగా చేసి చూపిన లెక్కతో మొదలుపెట్టి, ఒక్కో లెక్కలో చివరి నుంచి ఒక్కో మెట్టు తీసేస్తూ వెళ్లాలి. హారాలు వేరువేరుగా ఉన్న భిన్నాల కూడిక చూడండి.

1వ లెక్క, 2/3 + 1/4. అన్ని మెట్లూ అచ్చులో: హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 12; 2/3 = 8/12; 1/4 = 3/12; మొత్తం 11/12.
2వది, 3/5 + 1/6. క.సా.గు. 30, 18/30, 5/30 దాకా అచ్చులో. మొత్తం ఖాళీ.
3వది, 1/2 + 2/7. క.సా.గు. 14, 7/14 వరకే అచ్చులో. చివరి రెండు మెట్లూ ఖాళీ.
4వది, 3/8 + 1/6. ఏమీ ఉండదు.

నాలుగోదాన్ని కావాలనే ఎంచుకోవాలి. 8, 6 రెండూ 2తో భాగించబడతాయి. మొదటి మూడింటిలో హారాలను గుణిస్తే క.సా.గు. వచ్చేస్తుంది కాబట్టి, పిల్లలు "హారాలు గుణించాలి" అనే నియమాన్ని తమకు తామే తయారు చేసుకుంటారు. ఇక్కడ గుణిస్తే 48 వచ్చి 26/48 అవుతుంది. తప్పేమీ కాదు, కుదిస్తే 13/24 వస్తుంది. 24తో మొదలుపెట్టినవాళ్లకు ఆ కుదింపు అవసరమే రాదు. ఈ రెండు దారులనూ బోర్డు మీద పక్కపక్కన పెట్టి మాట్లాడించే 5 నిమిషాలు ఆ పీరియడ్‌లో అన్నిటికంటే విలువైనవి.

కాగితం అడుగున ఒక తప్పు లెక్క అచ్చేయండి: 2/3 + 1/4 = 3/7. పైన "ఇది తప్పు" అని స్పష్టంగా రాయండి, లేకపోతే ఇంటికెళ్లాక దాన్నే చదువుకునే ప్రమాదం ఉంది. అడగాల్సిన ప్రశ్న "సరిచేయండి" కాదు, "లెక్క చేయకుండానే ఇది తప్పని ఎలా చెప్పగలవు?" అని. 2/3 సగం కంటే ఎక్కువ. దానికి ఇంకొంత కలిపితే 3/7, అంటే సగానికంటే తక్కువ ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్నతో లవాలనూ హారాలనూ విడివిడిగా కూడే అలవాటు సడలుతుంది.

చేసి చూపిన లెక్కలను చదవడం వల్ల కొత్తగా నేర్చుకునేవారికి మేలని స్వెల్లర్, కూపర్ బీజగణితంలో 1985లోనే చూపించారు. అది కొత్తవారికి. బాగా వచ్చేసినవారికి ఇదే కాగితం భారమవుతుంది. వాళ్లను నాలుగో లెక్క నుంచి మొదలుపెట్టమనండి.

#7 మార్జిన్

విషయం అంతా బాగా కుదిరాక కూడా కాగితం అచ్చులో చెడిపోతుంది. ఆ సంగతులు కొన్ని.

తెలుగుకు వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. పైన గుడి, కింద వత్తు, దాని కింద మరో వరుస గుడి, అన్నీ ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. 8-10 తరగతులకు అక్షరం 12 లేదా 13 పాయింట్లు, వరుస ఎడం ఒకటిన్నర. చిన్నపిల్లలకు 16 పాయింట్లు. పిల్లలు రాయాల్సిన గీతల మధ్య 10 మి.మీ. ఉండాలి. 8 మి.మీ. పెడితే వత్తులు పక్క వరుసలోకి దిగిపోతాయి.

ఖాళీ పొడవు 5 సెం.మీ. తగ్గొద్దు. చేతిరాత అచ్చుకంటే దాదాపు రెట్టింపు చోటు తింటుంది. "పత్రరంధ్రాలు" అనే మాట 2 సెం.మీ.లో పట్టదు. అన్ని ఖాళీలూ ఒకే పొడవు ఉంచండి, లేకపోతే పొడవు చూసి జవాబు ఊహిస్తారు.

ఎడమవైపు 25 మి.మీ. మార్జిన్ వదలాలి. రంధ్రం చేసి ఫైల్లో పెట్టేటప్పుడు అక్షరాలు పోకూడదు కదా.

జెరాక్స్ తీసే కాగితంలో బూడిదరంగు నింపిన గళ్లు వద్దు, మచ్చలు మచ్చలుగా వస్తాయి. తేడా చూపాలంటే వాలుగీతలో చుక్కలో వాడండి. గీత మందం 1 పాయింటుకు తగ్గొద్దు. కాపీ నుంచి కాపీ తీయకండి, మూడో తరానికి వత్తులు పూడుకుపోతాయి. మూలప్రతి ఒకటి ప్లాస్టిక్ కవర్లో విడిగా దాచండి.

యూనికోడ్ ఫాంటులోనే టైపు చేసి, ప్రింటుకు పంపే ముందు పీడీఎఫ్ చేయండి. లేకపోతే వేరే కంప్యూటర్లో తెరిచేసరికి వరుసలు జారి పేజీ మారిపోతుంది.

రేఖాగణితం కాగితాలకు ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. ప్రింటరు "పేజీకి సరిపెట్టు" అమరికలో ఉంటే పటం కొంచెం కుంచించుకుపోతుంది. మీరు 6 సెం.మీ. అన్న భుజం పిల్లవాడి స్కేలు మీద 5.7 వస్తుంది, వాడు తన కొలతే తప్పనుకుంటాడు. 100 శాతం అని ఎంచుకోండి. మూలన సరిగ్గా 10 సెం.మీ. గీత ఒకటి అచ్చేసి, కట్ట మొత్తం తీసే ముందు ఒక్క ప్రతి తీసి స్కేలుతో కొలవండి.

పంచడానికి 5 నిమిషాలు పోకుండా, ముందే బెంచీ వరుసల లెక్కన విడగొట్టి ఒక్కో కట్టను అడ్డంగా పెట్టుకోండి. రెండు ప్రతులు అదనంగా.

#8 గణవిభజన

మార్జిన్ గారు వత్తుల గురించి చెప్పారు కాబట్టి తెలుగు పాఠం గురించి ఒక మాట. ఛందస్సుకు హ్యాండవుట్ లేకుండా పాఠం చెప్పడం వృథా శ్రమ. పద్యపాదాన్ని నోట్సులో రాసుకునేటప్పుడే అక్షరాలు ఇరుకైపోతాయి, పైన గురులఘువుల గుర్తులకు చోటుండదు.

గళ్ల పట్టిక వేయండి. మూడు అడ్డు వరుసలు: అక్షరం, గురువు/లఘువు, గణం (గురులఘువుల గుంపు). ఉత్పలమాలకు పాదానికి 20 గళ్లు, చంపకమాలకు 21. నిలువు కాగితంలో 2 సెం.మీ. మార్జిన్లు పోగా 17 సెం.మీ. మిగులుతుంది, గడికి ఎనిమిదిన్నర మి.మీ. మాత్రమే వస్తుంది. ఒత్తక్షరం పట్టదు. కాగితాన్ని అడ్డంగా తిప్పితే గడికి 12 మి.మీ. వస్తుంది. రెండో గడి కింద చుక్క పెట్టండి, అది ప్రాస స్థానం. యతి గడికి మందపాటి గీత ఉండాలి: ఉత్పలమాలకు 10, చంపకమాలకు 11.

నాలుగు పాదాల్లో మొదటి పాదం అక్షరాలు మీరు నింపకండి. పదాలను అక్షరాలుగా విడగొట్టడమే అసలు పని, తప్పులు పుట్టేదీ అక్కడే. పొల్లుకు ("న్" లాంటి అచ్చులేని హల్లుకు) విడిగా గడి ఇచ్చేస్తారు. అది ముందరి అక్షరం గడిలోనే ఉండాలి, ఆ అక్షరం గురువవుతుంది. ఒక్క పొల్లును విడిగా వేస్తే అక్కడ్నుంచి చివరిదాకా గణాలన్నీ జరిగిపోయి, పాదం 21 గళ్లయి, అది చంపకమాల అనేస్తారు! గళ్లుండటం వల్ల ఒక నష్టం కూడా ఉంది. తర్వాతి గడిలో సంయుక్తాక్షరం ఉంటే ముందుది గురువన్న సంగతి గీత అడ్డం వచ్చి మరిచిపోతారు. అందుకే రెండో వరుసకు వెళ్లే ముందు సంయుక్తాక్షరాలన్నిటికీ సున్నా చుట్టించండి.

రెండో పక్కన పాదం పేరు చెప్పకుండా ఒక మత్తేభం, ఒక ఉత్పలమాల ఇవ్వండి. రెండిటికీ 20 అక్షరాలే. లెక్కపెట్టి పేరు చెప్పేవాళ్లు ఇక్కడ ఆగుతారు. మొదటి గణం చూడక తప్పదు: ఉత్పలమాలకు భగణం (గురువు, లఘువు, లఘువు), మత్తేభానికి సగణం (లఘువు, లఘువు, గురువు). అంటే మొదటి అక్షరం గురువా లఘువా అన్నది చూస్తే చాలు.

#9 ముందుబెంచీ

అందరూ కాగితం ఎంత బాగా తయారు చేయాలో చెబుతున్నారు. నాకు ఒక అభ్యంతరం ఉంది. పదేళ్లపాటు ఖాళీలు నింపిన పిల్లవాడికి కాలేజీలో తెల్లకాగితం ఇస్తే ఏం రాయాలో తెలియదు. నోట్సు రాసుకోవడం కూడా నేర్పాల్సిన విద్యే. హ్యాండవుట్ పాఠం చివర ఇవ్వండి, అంతదాకా వాళ్లనే రాసుకోనివ్వండి. తమ నోట్సును మీ కాగితంతో పోల్చి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చుకుంటారు. ఏది ముఖ్యమో పట్టుకోవడం అలా వస్తుంది.

#10 నల్లబల్ల

ముందుబెంచీ గారి అభ్యంతరం న్యాయమైనదే. కానీ 8వ తరగతిలో మొదటి వారమే తెల్లకాగితం ఇస్తే రాయగలిగినవాళ్లే రాస్తారు. తక్కినవాళ్ల కాగితంలో తప్పులుంటాయి, మీ కాగితంతో పోల్చుకునే ఓపిక కూడా వాళ్లకే తక్కువ. హారం_లవం గారు లెక్కలో మెట్లు తీసేసినట్టే, ఏడాది పొడవునా కాగితంలోంచి అచ్చు తీసేస్తూ వెళ్లాలి. మొదటి రెండు నెలలు శీర్షికలు, వాక్యాలు, ఖాళీలు. తర్వాతి రెండు నెలలు శీర్షికలు, పటాలు, ప్రతి శీర్షిక కింద "3 అంశాలు" అన్న సూచన మాత్రమే. ఆ తర్వాత శీర్షికలు మాత్రమే. చివరి నెలల్లో గీతలు గీసిన కాగితం.

ఆ చివరి కాగితానికి కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ రూపొందించిన అమరిక బాగా కుదురుతుంది. ఎడమ 6 సెం.మీ., కుడి 15 సెం.మీ., అడుగున 5 సెం.మీ. పట్టీ. ఎ4 వెడల్పు 21 సెం.మీ. కాబట్టి నిలువు గీత ఒక్కటే చాలు. పాఠం జరిగేటప్పుడు కుడివైపే రాయాలి. ఎడమవైపు అదేరోజు సాయంత్రం, కుడివైపున్నది జవాబయ్యేలా ప్రశ్నలు రాయాలి. అడుగున రెండు వాక్యాల్లో సారాంశం. ఎడమవైపు శీర్షికలు రాసేయడం అందరూ చేసే తప్పు. "పత్రరంధ్రాలు" అని రాస్తే తనను తాను పరీక్షించుకోలేడు. "మధ్యాహ్నం ఎండలో పత్రరంధ్రాలు ఎందుకు మూసుకుంటాయి?" అని రాస్తే కుడివైపు చేత్తో మూసి జవాబు చెప్పుకోగలడు.

#11 ముందుబెంచీ

ఏడాదిలో మెల్లగా తగ్గించడమనేది ఒప్పుకుంటాను. అయితే ఆ ప్రణాళిక జూన్‌లోనే రాసి పెట్టుకోవాలి. లేకపోతే తయారైన కాగితం చేతిలో ఉందని ఫిబ్రవరిలో కూడా అదే పంచుతాం.

#12 కొత్తబడి

రాత నెమ్మదిగా ఉన్నవాళ్లకు విడిగా కాగితం ఇవ్వాలా? ఇస్తే తక్కినవాళ్ల ముందు చిన్నబుచ్చుకుంటారేమో. ఆ రోజు రానివాళ్ల సంగతి కూడా చెప్పండి.

#13 మార్జిన్

కాగితం ఒకేలా కనబడాలి. శీర్షిక, పటాలు, ఖాళీల సంఖ్యలు అవే ఉంచి, ఖాళీలో మొదటి అక్షరం ఇవ్వండి, కారణం రాసే గీతల్లో సగం వాక్యం అచ్చేయండి. ఏ ప్రతి ఎవరిదో మీకు తెలిసేలా అడుగున పేజీ సంఖ్య పక్కన ఒక చుక్క చాలు. చూపు తక్కువున్నవాళ్లకు అక్షరం 18 పాయింట్లు, పేజీలు పెరిగినా ఫర్వాలేదు. ఉన్న ఎ4ను జెరాక్స్‌లో పెద్దది చేస్తే ఎ3 అయి బల్ల మీద పట్టదు. ఫైల్లోనే అక్షరం పెంచి కొత్తగా తీయండి.

రానివాళ్లకు నింపిన ప్రతి ఇవ్వకండి. ఖాళీ ప్రతి, పాఠ్యపుస్తకంలో పేజీ సంఖ్యలు, సరిచూసుకోవడానికి తోటివారి పేరు. ఇందుకే ప్రతి కాగితం మీదా తరగతి, పాఠం, కాగితం వరుస సంఖ్య ఉండాలి. ఏది లేదో ఫైలు తిప్పితే తెలిసిపోతుంది.

#14 హారం_లవం

కాగితం నిండిన తర్వాతి పని గురించి ఎవరూ చెప్పలేదు. నింపిన హ్యాండవుట్‌ను ఊరికే మళ్లీ మళ్లీ చదివించడం కంటే, మూసి గుర్తు తెచ్చుకోనివ్వడం మేలు. రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే తారుమారైంది: గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం, మళ్లీ చదివినవాళ్లకు 42. పిల్లలు చదవడాన్నే ఎందుకు నమ్ముతారో మొదటి అంకెల జతలోనే ఉంది. చదవగానే వచ్చేసినట్టు అనిపిస్తుంది.

చేయడం సులభం. మర్నాడు పీరియడ్ మొదట 4 నిమిషాలు, నిన్నటి కాగితం బోర్లా తిప్పించండి. వెనకవైపు ఖాళీ ఉంటే దానిమీదే గుర్తున్న 5 విషయాలు రాయమనండి, తర్వాత తిప్పి సరిచూసుకోమనండి. మార్కులు వేయకండి. వేస్తే కాగితం ఎత్తి తొంగిచూస్తారు. అదే కాగితాన్ని వారం తర్వాత ఇంకోసారి.

#15 పత్రహరితం

ఒక చిన్న చేర్పు. ఆ మర్నాటి కాగితాల్లో ఒక పదింటిని తిరగేయండి. ఒకే ఖాళీలో ఆరేడుగురు తప్పు రాశారంటే పిల్లలను అనకుండా ముందు ఆ వాక్యాన్ని చదవండి. ఎక్కువసార్లు అక్కడ రెండు జవాబులకు చోటు ఉంటుంది, లేదా ఆ మాట మీరు పాఠంలో ఒక్కసారే, అటెండెన్స్ పుస్తకం వచ్చిన నిమిషంలో చెప్పి ఉంటారు. మూలప్రతి మీద ఎర్ర పెన్నుతో అప్పుడే గుర్తు పెట్టుకోండి. వచ్చే ఏడాదికి గుర్తుండదు.

#16 కొత్తబడి

అందరికీ ధన్యవాదాలండీ. సోమవారం జీవశాస్త్రం పాఠానికి 9 ఖాళీలు, 2 కారణాలు, ప్రయోగం పట్టికతో ఒక కాగితం తయారు చేసి ఇక్కడే పెడతాను. ఏ ఖాళీకి రెండు జవాబులొస్తున్నాయో చూసి చెప్పండి.